బొంత

దీపం ఆర్పేముందు మా అమ్మమ్మ గ్లఫీరా
బొంత కింద మా పాదాలు తడిమి లెక్కపెట్టేది.
ఒకటి, రెండు, మూడు.
పిల్లలం ముగ్గురమే.
అయినా చెయ్యి ఇంకా వెతికేది,
పరుపు అంచు దాకా వెళ్ళి
ఖాళీ చోట కాసేపు ఆగేది.
ముసలితనం, అడక్కండి, అనేది మా అమ్మ రిమ్మా.

ఉష్తొబేలో శీతాకాలం గోడల్లోంచి వస్తుంది.
ఇక్కడికొచ్చిన కొత్తలో మావాళ్ళకి క్యాబేజీ దొరక్కపోతే
క్యారెట్ సన్నగా తరిగి, కారం, వెల్లుల్లి పట్టించి
అదే ఇది అనుకుని తిన్నారు.
లేనిదాని చోట ఉన్నదాన్ని పెట్టి
నోరు మూసుకు తినడం మాకు బాగా వచ్చు.

పంతొమ్మిదేళ్ళకి అల్మాతీ నుంచి నేను
అరువు తెచ్చిన టేప్ రికార్డర్‌తో దిగాను.
చెప్పుకుంటే గుండె బరువు దిగుతుందని
క్లాసులో రాసుకున్న వాక్యం కింద ఎర్రసిరా గీత.
తొంభై నిమిషాల కాసెట్టు.

ఆమె క్యారెట్లు తరగడం ఆపలేదు.
ముప్పై ఏడో సంవత్సరం. పశువుల పెట్టెలో మనుషులు.
నెలరోజుల దారి. తమ్ముడు తొంగ్‌సిక్, పదకొండు నెలలు.
పేరు తెలియని స్టేషన్‌లో రైలు పది నిమిషాలు ఆగితే
తల్లి వాణ్ణి బొంతలో చుట్టి దిగింది.
నీళ్ళ ట్యాంకు పక్కన పడుకోబెట్టింది.
రైలు కూత వేసింది.
బొంత విప్పుకుని తిరిగొచ్చింది.

"మేం ఇంకా ఇద్దరం ఉన్నాం కదా, చలి," అంది అమ్మమ్మ,
ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా.

దూది మార్చారు. పై గుడ్డ నాలుగుసార్లు మార్చారు.
అమ్మ పుట్టింది దాని మీదే.

ఆ రాత్రి అమ్మమ్మ ఎవర్నీ లెక్కపెట్టలేదు.
గురక పెట్టి నిద్రపోయింది,
అరవై ఏళ్ళ బాకీ వసూలు చేసుకుంటున్నట్టు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
పడింది, మా అమ్మ కాళ్ళ మీద.
బొంత తీసి ఎండలో వేసింది, ఉతికింది, మళ్ళీ ఉతికింది,
కప్పుకోలేదు, పారెయ్యలేదు.
తెల్లార్లూ వంటింట్లో కూర్చునేది.
"నీకు మార్కులొచ్చాయా?" అని ఒకే ఒక్కసారి అడిగింది.
వచ్చాయి.

అడక్కపోయి ఉంటే
ఆ ఆఖరి రెండేళ్ళూ అమ్మమ్మకి నిద్ర ఉండేది కాదు.
అడిగాను కాబట్టి అమ్మకి లేదు.
ఈ తక్కెడ ఎన్నేళ్ళుగా పట్టుకున్నానో,
ముల్లు నిలవదు.

నిన్న మా తిమోషా, ఏడేళ్ళవాడు,
అమ్మ దగ్గర రెండు రాత్రులు పడుకుని వచ్చాడు.
"నా కాళ్ళు దొరికాక కూడా
అమ్మమ్మ ఇంకా ఎవరి కోసం వెతుకుతుంది?"

కాసెట్టు రెండోవైపు చివర మాటల్లేవు.
చాకు చప్పుడే, పావుగంట.

ఒక క్యారెట్ వాడి చేతికిచ్చాను.
చెక్కు తీస్తూ కూర్చో, అన్నాను.
తీస్తున్నాడు.
నా వంకే చూస్తున్నాడు.