గ్రీమ్స్‌పేట, రాత్రి పదకొండు

గుచ్చితే చాలు, అదే పనిచేస్తాదన్నాడు అమ్మినోడు.
గుచ్చినా.
నేను సీడీని అంటా ఉండాది.
సీడీవి కాదు తల్లీ, మోడెమ్‌వి,
పదిహేడు వందలు పోసి తెచ్చుకున్నా నిన్ను.

నల్ల తెర మీద తెల్ల వరసలు.
లైనెక్స్ ఏదీ దాచిపెట్టదు, అంతా చెప్తాది.
సగం నాకే తెలీదు.

స్టూలు మీద దొరసామన్న,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాచ్‌మన్,
చొక్కా నిండా తోతాపురి వాసన.
తెల్లారి తొమ్మిదికి కూతురికి పరీక్ష.
హాల్‌టికెట్టు ఇంకా ఈ డబ్బీ అవతలే ఉండాది.
అయితాదా అని నన్నడగడు,
గోడ గడియారాన్ని అడుగుతాడు.

సీడీ వేషం విప్పించే ఆదేశం
మూడుసార్లు కొట్టినా. ఒక గీత తప్పు.
నాలుగోసారి
దాని పేరు పక్కన అంకె మారింది.
అంతే, ఒక్క అంకె.

స్టార్ తొంభై తొమ్మిది హ్యాష్.
ఎర్ర దీపం, పచ్చ దీపం, మళ్ళీ ఎర్ర.
టీ వడగట్టే జల్లెడలో కూర్చోబెట్టి
కిటికీ ఊచకు కట్టినా.
వేలూరు బస్సు ఒకటి అద్దాలదిరేట్టు పోయింది.
నీలం.
కదలని నీలం.

ప్రింటరులోంచి ముందు పాపిట వచ్చింది,
ఆనక కండ్లు, ఆనక పేరు.
కాగితం అందుకునే ముందు
దొరసామన్న రెండు చేతులూ
చొక్కాకు తుడుచుకున్నాడు.