ఒక అక్షరం ఎక్కువ

తొండయార్‌పేట తాలూకా ఆఫీసులో
టోకెను నంబర్లు నోటితో పిలుస్తారు,
చెవుడు పింఛనుకి వచ్చినవాళ్లని కూడా.

అందుకే నేను వస్తాను.
పుదుపేట టింకరింగ్ షెడ్డులో వాడికి ఒక రోజు కూలి పోతుంది,
ఇస్త్రీ బండి దగ్గర నాకు ఒక పూట.
ఇద్దరి మధ్యా బెంచీ మీద ప్లాస్టిక్ కవరు,
అందులో పెద్దాసుపత్రి కాగితం:
రెండు చెవుల గీతలూ మెట్లు దిగినట్టు జారి
అడుగున కలుసుకున్నాయి.

ర్యాంపు మీద స్కూటర్లు నిలిపారు.
కాలిపర్ వేసుకున్న ముసలాయన
ఒక్కో హ్యాండిల్‌నీ పట్టుకుని, క్షమించమన్నట్టు తల వంచి,
వాటి మధ్యనుంచి ఎక్కి వచ్చాడు.

"అరుబత్తేళు!"
వాడి మోచెయ్యి తాకాను. లేచాడు.

కిటికీ అవతలి ఆవిడ చెడ్డది కాదు.
మొదటిసారి రేషన్ కార్డు తెమ్మంది, తెచ్చాం.
రెండోసారి ఫొటోలో చెవులు కనబడాలంది,
జుట్టు కత్తిరించి మళ్లీ తీయించాం.
ఇవాళ కళ్లద్దాలు పైకి తోసుకుని
రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది.
బడి సర్టిఫికెట్‌లో మునిరత్నం.
ఆధార్‌లో మునిరత్తినం.
ఒక అక్షరం ఎక్కువ.
ఇద్దరూ ఒకరే అని నోటరీ దగ్గర రాయించుకు రమ్మంది.

చెప్పాలనుకున్నాను:
అమ్మా, మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం,
ఆ అక్షరం మా గుమ్మం దాటగానే పుట్టింది.
ముప్పై నాలుగేళ్లలో వాడు ఆ పేరు
పొడుగ్గానూ వినలేదు, పొట్టిగానూ వినలేదు.
మాకు వాడి పేరు కనుబొమ మీద ఒక వేలు,
నాలుగేళ్లప్పుడు గడప తగిలి పడ్డ మచ్చ.
ఆ పేరులో తప్పు రాయడం ఎవరి వల్లా కాదు.

చెప్పలేదు. "సరి మేడమ్" అన్నాను.
నాకు రెండు భాషలు వచ్చు,
ఆ కిటికీ ముందు మాత్రం ఈ ఒక్క ముక్కే వస్తుంది.

ఫారంలో ఇంకో గడి: ఎప్పటినుంచి?
డాక్టరూ ఇదే అడిగాడు,
రేకు మీద సుత్తి కొట్టీ కొట్టీ పోయిందా, పుట్టుకతోనా అని.
అమ్మ ఉంటే చెప్పేది.
వాడికి ఏడో నెల. దీపావళి.
గుమ్మం ముందే లక్ష్మీబాంబు పేలితే
వీధిలో పసిపిల్లలందరూ గుక్కపట్టారు,
వీడు నిద్రలో నవ్వాడట.
నా కొడుకెంత బుద్ధిమంతుడో అని
ఏడాదంతా చెప్పుకు తిరిగింది,
దిష్టి తగులుతుందని ఎర్రనీళ్లు కూడా తీసింది.
గడి అంగుళం లేదు.
"పుట్టుక" అని రాశాను.

అప్పుడు చూశాను వాణ్ని.
కిటికీ చెక్క మీద అరచెయ్యి ఆనించి
కళ్లు సగం మూసుకుని ఉన్నాడు.
లోపల ఎవరి కాగితం మీదో ముద్ర పడింది.
వాడి వేళ్లు కదిలాయి.
మళ్లీ పడింది, మళ్లీ కదిలాయి.
కారు తలుపు సొట్ట తీసేటప్పుడు
రేకు చెప్పేది వాడు ఇలాగే వింటాడు.
నా వైపు తిరిగి రెండు చేతులూ విప్పి
ఆపైన ఇంకో వేలు చూపించాడు.
పదకొండు.
మేం నిలబడ్డ సేపట్లో పదకొండు ముద్రలు.
ఆ ఆఫీసులో లెక్క సరిగ్గా ఉన్నది వాడి దగ్గరే.

బయట జెరాక్స్ కొట్టు నీడలో నోటరీ,
మడత బల్ల, నూట యాభై రూపాయలు.
"పై రెండు పేర్లు గలవాడను నేనొక్కడనే" అని టైపు కొట్టించాడు.
సంతకం పెట్టేముందు వాడు నన్నడిగాడు,
ఏం రాశారు అని.
ఇది ఎలా చెప్పను?
రెండు వేళ్లు చూపించాను.
రెండిటినీ దగ్గరికి తెచ్చి ఒకటిగా అదిమాను.

వాడు కాసేపు చూశాడు.
నన్ను చూపించాడు. తనని చూపించుకున్నాడు.
అంతేగా అన్నట్టు తలాడించి
సంతకం పెట్టాడు.
నేను దిద్దలేదు.

నోటరీ ముద్ర కొట్టాడు.
బల్ల మీదే ఉంది వాడి చెయ్యి.
పన్నెండు, అన్నాడు వేళ్లతో.