ముచ్చికలు తీసే అవ్వ

నల్లపాడు రోడ్డు, కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
చైత్ర పున్నమి.
తొమ్మిదింటికి కరెంటు పోయింది.
జనరేటర్లో డీజిలు లేదని
మేనేజరు ఫోన్లో ఎవరినో తిడుతున్నాడు.
తేజ కాయల పట్టాలు ఆరుబయటికి ఈడ్చుకున్నారు ఆడవాళ్లు.
తెల్లారేసరికి సరుకు లారీ ఎక్కాలి.

నేను కాటా గుమాస్తాని.
చీకట్లో అంకెలు కనపడవు గనక
ఊరికే కూచున్నాను.

వెన్నెల్లో మిరపకాయ ఎర్రగా ఉండదని
ఆ రాత్రే తెలిసింది.
ఎండు తుమ్మకాయలా నల్లగా ఉంటుంది.
ఘాటుకి మాత్రం వెలుతురుతో పనిలేదు.

హమాలీ సైదా టిక్కీల మీద వెల్లకిలా పడుకుని
"అందులో ఉండేది మనోడేరా" అన్నాడు.
"చూడు, నడుం వంగింది. వీపున బస్తా.
దించుకోను చెయ్యేసేవాడు లేడు పైన, పాపం."
ఒడిశా కుర్రాడు సుదాముకి మన మాట రాదు.
రెండు వేళ్లు తల మీద నిలబెట్టి ఆడించాడు.
కుందేలని అందరికీ తెలిసిపోయింది.
కమీషన్ కొట్టు మనిషి, కాస్త తాగున్నాడు,
"తాలు కాయ. అన్నీ మచ్చలే.
సగం రేటుకిచ్చినా నాకొద్దు" అన్నాడు.
నవ్వారు. నవ్వితే దగ్గు,
దగ్గితే తుమ్ములు, షెడ్డు షెడ్డంతా.

దీవెనమ్మ నవ్వలేదు.
ఆమె వేళ్లు చూపుతో పని లేకుండా తుంచుతున్నాయి.
"రాట్నం తిప్పే అవ్వని చెప్పేది మా అమ్మ.
రాట్నానికి కూలి గిట్టుద్దా ఈ రోజుల్లో?
ఆమె గూడా కాయలకే వచ్చింది.
పాడ్యమి కాణ్ణుంచి లారీలు దించుతా ఉంటాయి,
పున్నానికి కుప్ప నిండుద్ది.
అప్పుడు కూకుంటది.
రోజుకింత, రోజుకింత.
అమాసకి పట్టా దులిపి లేస్తది.
ఒక్క రాత్రి సెలవు."

"కిలోకెంతంట?" ఎవరో అడిగారు.
"అది తేలకేగా, నెల నెలా మళ్లీ మొదలు."

కెజియా, దీవెనమ్మ మనవరాలు, ఐదో ఏడు.
గోనెసంచి మీద పడుకుని కళ్లు నలుపుకుంటోంది.
తుడుద్దామన్నా
అక్కడున్న చేతులన్నీ మంటే.
"అవ్వకి తుమ్ములు రావా, నాయనమ్మా?"

"ఎందుకు రావే.
అందుకేగా మబ్బుని
ముక్కుకి అడ్డం కట్టుకునేది."

కాసేపటికి కట్టుకుంది.
చిన్న మబ్బే, మాసిన కొంగంత.
పట్టాలు, టిక్కీలు, మనుషులు,
ఏమీ లేకుండా పోయాయి.
ఎవరూ మాట్లాడలేదు.
పటుక్. పటుక్.
పదకొండేళ్లుగా తూకం వేస్తున్నాను,
ముచ్చిక తెగే చప్పుడు విన్నదే లేదు.
వంద చేతులవి, వానకి ముందు చినుకుల్లా.
అందులో ఒకటి మాత్రం
నేల మీది నుంచి కాదేమో అనిపించింది.

రెండున్నరకి కరెంటొచ్చింది.
దీవెనమ్మది ఇరవై రెండు కిలోలు.
కాటా ముల్లు కుదురుకునే దాకా
ఆమె ముల్లు వంక చూడలేదు.
పడమటికి వాలిన చంద్రుడి వంక చూస్తోంది,
పక్క పట్టా మీది మనిషిది
ఎంత దాకా వచ్చిందోనని.