మంచి గడ్డ

నాకు గడ్డల సంగతి చెప్పాల్నా?
పద్నాలుగేండ్లు
కర్నూలు యార్డులో ఎర్రగడ్డలు గ్రేడు చేసినదాన్ని.
బొటనవేలుతో మెడ కాడ అదిమితే చాలు,
లోపల కుళ్ళుండేది లేనిది
గడ్డే చెప్తాది.

కడుపులోది మాత్రం మూడేండ్లు నోరు ఇప్పలే.
నెలకు ఐదు దినాలు పదైనాయి,
పది పదహైదైనాయి.
పాత చీర చింపి మడతలు పెట్టుకొని
రాశికి ఆనుకొనే కూర్చుంటాంటి,
మరకైతే ఆ ఎరుపులో కలిసిపోతాదని.
పొట్ట చూసి హమాలీ పిల్లోడు నవ్వినాడు,
"ఈ వయసులో ఏందక్కా?" అని.
హుసేన్‌బీ వాని మీదికి
కుళ్ళిన గడ్డ ఇసిరికొట్టింది.

కల్లూరులో ఆర్‌ఎంపీ చూసినాడు, చూడకుండానే.
"సంచి తీసేపిచ్చుకో.
ఇంక పిల్లలా, పాపలా? ఖాళీ సంచే కదమ్మా."
నర్సింగ్ హోము పేరొకటి చీటీ మీద రాసి
కింద ముప్పై వేలని రాసినాడు.
ఖాళీ సంచేనంట.
యార్డులో ఖాళీ గోతానికి గూడా రేటుండాది,
చినిగింటే సగం రేటు.

హుసేన్‌బీకి ఇరవై తొమ్మిదేండ్లకే తీసేసినారు,
తెల్లబట్ట ఐతాందని పోతే.
పుష్యమాసం పొద్దున గూడా
గోనెపట్టతో ఇసురుకుంటాది.
"లోపల ఎవురో పొయ్యి ముట్టిచ్చిపోయినారు మద్దక్కా,
ఆర్పేటోళ్ళు రాలే."
ఆయమ్మే నన్ను గుంజకపోయింది పెద్దాసుపత్రికి.

స్కానింగు రూము కాడ నర్సమ్మ అరిచింది,
"నీళ్ళు బాగా తాగి, ఒంటేలు ఆపుకోవల్ల!"
మాకు నవ్వు ఆగలే.
యార్డులో ఆడోళ్ళకు దొడ్డి యాడుండాది?
పద్నాలుగేండ్లు ఆపుకొన్నోళ్ళకు
నువ్వా తల్లీ నేర్పేది?

డాక్టరమ్మ చిన్నది, నా పెద్దకూతురు ఈడు.
పొట్ట మీద వేళ్ళు పెట్టి అదిమింది,
అచ్చం నేను అదిమినట్లే,
తొందర లేకుండా.
"మూడుండాయి. ఒకటి బత్తాయంత."
తక్కిన రెండూ?
చూపుడువేలు, బొటనవేలు కలిపి చూపిచ్చింది.
గోళీ సైజువి రెండు,
బెంగుళూరు లారీకెక్కేది ఒకటి.
"కుళ్ళుందామ్మా?" అంటి.
"లేదు. ఇది మంచి గడ్డే."

మంచిదంట.
మూడేండ్లు నా రగతం తాగి,
నడుము ఇరిచి,
నెలకు పది దినాల కూలి మింగింది
మంచిదంట.
చెడ్డది కానిదంతా మంచిదేనా?
అడుగుదామనుకుంటి.
ఆ పిల్ల అప్పటికే ఫోన్లో
నాకు రగతం ఆరు పాయింట్లే ఉందని
బెడ్డు కోసం ఎవురితోనో కొట్లాడుతాంది.

రెండు సీసాలు ఎక్కిచ్చినారు. ఎవరి రగతమో,
చల్లగా ఉండె.
పోయేటప్పుడు చెప్పింది,
"నలభై ఏడు కదా. ముట్టు నిలిస్తే
అవే ఎండిపోవచ్చు.
మాత్రలేసుకొని ఆర్నెల్లు చూద్దాం.
తీయాల్సే వస్తే
నిన్ను అడిగే తీస్తాం."

నిన్ను అడిగే.
బస్సులో హుసేన్‌బీ ఆ మాటే
రెండుసార్లు చెప్పిచ్చుకొనింది నాతో,
మూడోసారికి కిటికీ దిక్కు తిరిగింది.

ఈ పొద్దు యార్డులో రేటు పడిపోయింది.
కోడుమూరు రైతొకాయన లోడు దించకుండానే
టైరు కాడ కూర్చున్నాడు.
నేను మాత్రలు పైట కొంగున ముడేసి
పనిలో కూర్చుంటి.
దలాలి కేకేసినాడు,
"మద్దమ్మా, గోతాలు లెక్కపెట్టినావా?"
"ఖాళీవి గూడానా?"
"ఖాళీవి గూడా."