ఇంకొంచెం ఎడమకి

"ఇంకొంచెం ఎడమకి" అంటాడు ఇల్మారి.
పైన నేను, కింద స్టూలు కాళ్ళు పట్టుకుని అతను.
మేడ మీది గదిలో అద్దెకి దిగి నెల కాలేదు,
అప్పుడే నన్ను స్టూలెక్కించాడు.
నా చేతిలో రై గడ్డితో అల్లిన గూడు:
నూట నలభై పరకలు, ఎర్ర దారం,
అతని వేళ్ళ నిండా సూదిపోట్లు.

ఎల్లుండి క్రిస్మస్.
మూడు కాకుండానే చీకటి.
కుహ్మో ఊరంతా మంచు కింద ముసుగుతన్ని పడుకుంది.
లోపల పొయ్యి చిటపటలు. అతనికి వినపడవు.
ముప్పై ఏళ్ళు రంపపు మిల్లు
దుంగలతో పాటు అతని చెవులనీ
కొంచెం కొంచెంగా కోసుకుపోయింది.

కిటికీలో కొవ్వొత్తులు వెలిగించాం.
సోఫా చిరుగు మీద
వాళ్ళమ్మ నేసిన ఎర్ర గొంగళి కప్పాం.
గడ్డి గూడు మాత్రం గది నడిమధ్య,
బల్లకి సరిగ్గా పైన ఉండాలంటాను నేను.
ఒప్పుకోడు.
తలుపు వైపు వేలు చూపించి, ఇంకా, ఇంకా ఎడమకి.
ఆ మూలన ఏం అందం? ఎవరు చూస్తారు?
సణుగుతూనే దూలానికి మేకు కొట్టాను.
ఎలాగూ వినపడదుగా.

కాఫీ పోసి
తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు.
ఎదురుగా గోడ మీద
గడ్డి నీడ, ఊపిరి బిగబట్టినట్టు.

ఉన్నట్టుండి అది తిరిగింది, మెల్లగా, సగం చుట్టు.
"రా, రా! కాఫీ వేడిగా ఉంది" అన్నాడు
వెనక్కి చూడకుండానే.

గుమ్మంలో పక్కింటి వెయిక్కో,
బూట్ల మంచు దులుపుకుంటూ.

నేను లేచి
ఇంకో కప్పు కడిగాను.