చిరునామా గడి

మసేరు పెద్దాసుపత్రిలో
పేరు కొడితే చాలు, మనిషి తెరమీదికి వస్తాడట.
మా కొండమీద
మనిషి గుర్రమెక్కి రావాలి,
దిగి, దుప్పటి మడతలోంచి బుకానా తీయాలి.

బుకానా అంటే చిన్న పుస్తకమే.
పంచదార సంచి చింపి వేసిన అట్ట,
పొయ్యి పొగ వాసన, గొర్రె కొవ్వు మరక,
ఒక మనిషి జ్వరాలూ కాన్పులూ
ఏడుగురు నర్సుల చేతిరాతల్లో.

జూన్‌లో, మాకది మంచు నెల,
మా క్లినిక్‌కీ కంప్యూటరొచ్చింది.
కూడా సెఖోబె అనే కుర్రాడొచ్చి
మూడ్రోజులు నేర్పి పోయాడు.
నాలుగోరోజు సోలార్ పలకమీద మంచు కూర్చుంది.
నిచ్చెనెక్కి చీపురుతో ఊడ్చాను.
నర్సు చదువులో ఈ పాఠం లేదు.
సిగ్నల్ కావాలంటే గొర్రెల దొడ్డి గోడెక్కాలి,
నిలబడితే ఒక గీత,
చెయ్యెత్తితే రెండు.

అలాగని పెట్టెమీద నాకు కోపం లేదు.
కిందటేడు ఎలుకలు జననాల రిజిస్టరు తిన్నాయి.
రెండు నెలల పిల్లలకి పుట్టినరోజు లేదిప్పుడు.
ఎలుకకి పాస్‌వర్డ్‌తో పనేముంది!

మఖోత్సోని నొప్పులతో కిందికి పంపిన రాత్రి
డ్రైవరు, "అక్కడ పుస్తకాలు చూడరు" అన్నాడు.
బుకానా నా బల్లమీదే వదిలేసి వెళ్లింది.
తెల్లారకముందే గోడకున్న పాత రేడియో గరగరలాడింది:
"ఇక్కడ ఇద్దరున్నారు సిస్టర్,
పుసెలెత్సో, మఖోత్సో.
ఊరొకటే, పుట్టిన సంవత్సరమొకటే.
ఒకామెకి పెన్సిలిన్ పడదు. మీరు పంపిందెవరిని?"

ఇద్దరెక్కడ, డాక్టరుగారూ!
పుసెలెత్సో పుట్టింటి పేరు.
మఖోత్సో పెళ్లినాడు అత్తింటివాళ్లు పెట్టింది,
ఇంకా కడుపునే పడని ఖోత్సోకి
అప్పుడే అమ్మని చేసి.

నాలుగో పేజీ తీశాను.
చనిపోయిన మా పెద్ద నర్సు రాత, ఎర్ర సిరా,
కింద రెండు గీతలు.
రేడియోలో అరిచి చదివాను. రెండుసార్లు.
అవతల గరగర.
తర్వాత, "సరే."

తల్లీ బిడ్డా బతికారు.
ఆడపిల్ల. ఖోత్సో ఇంకా రావాల్సే ఉంది.

ఇవాళ ఎండ కాసింది, బ్యాటరీ నిండింది.
ఇంకో పేరు రాసే గడి కోసం
తెరంతా వెతికాను. లేదు.
చివరికి చిరునామా గడిలో కొట్టాను:
పుసెలెత్సోనే మఖోత్సో. ఒక్కతే మనిషి.
పెన్సిలిన్ వద్దు.
గుర్రంమీద వస్తుంది, ఆలస్యమైతే ఆగండి.

ఎర్రరంగు ఎలా తెప్పించాలో
సెఖోబె చెప్పనేలేదు.