రెండు వలలూ మనవే

ఫిషింగ్ హార్బర్లో, ఐసు ఫ్యాక్టరీ వెనక
వలలు బాగుచేస్తాను. మైలపల్లి నూకన్న అంటే చెప్తారు.
రెండేళ్ళుగా పోర్టు ఎఫ్.సి. వాళ్ళ గోలు వలలు కూడా నావే.
జతకి పన్నెండొందలు, ఒక ఫ్రీ టికెట్టు.
టికెట్టు ఒద్దు, ఇంకో మూడొందలు ఇవ్వండని మొన్న అడిగేను.
మేనేజరు నవ్వేడు.
నేను నవ్వలేదు.

పదమూడు ఆటలు.
పదకొండు ఓడిపోయేరు, రెండు సమం.
ఆ రెంట్లో ఒకటి వానకి ఆగిపోయింది,
దాన్ని లెక్కలో వెయ్యొద్దు.

ముందు గోలీ సంగతి.
బంతి వస్తున్నప్పుడు వాడి చూపుంది చూడండి,
కాంప్లెక్సులో పది-కే బస్సు కదిలిపోయేక
పరిగెట్టాలా వద్దా అని నిలబడిపోయే మనిషి చూపు.
వెనకనున్న నలుగురూ నాలుగు పడవలు,
ఎవుడి లంగరు వాడు వేసుకున్నాడు.
మధ్యలోంచి ఎవుడైనా ఓడ నడుపుకుపోవచ్చు,
పైలట్ కూడా అక్కర్లేదు.

తొమ్మిదో నంబరుని ఎక్కడో సముద్రాల అవతలనుంచి తెచ్చేరు.
విమానం దిగిన రోజున డప్పులు పెట్టేరు.
నేనూ దండ పట్టుకెళ్ళేను, నలభై రూపాయల చామంతి.
మాకు ఏడాదికి అరవయ్యొక్క రోజులు వేట నిషేధం.
వాడికి ఎవుడు పెట్టేడో గాని
ఎనిమిది నెలలైంది.

ఓడిన ప్రతిసారీ కోచ్‌ది ఒకటే మాట,
కుర్రాళ్ళు నేర్చుకుంటున్నారండీ అని.
ఏటి నేర్చుకుంటున్నారు?
మా ఇంటిమీద పడే బొగ్గుధూళి నయం,
కిటికీ సందు ఎక్కడుందో మొదటి వారంలోనే నేర్చుకుంది.

ఓనరుగారు జెర్సీ వీపంతా తన విల్లాల పేరు వేయించేరు,
నంబరు మెడకింద ఇరుక్కుంది.
తప్పేం లేదు.
గ్రౌండులో ఎటు చూసినా ఖాళీ స్థలాలే కదా.

పక్కసీటు కండక్టరు అప్పలస్వామి
దీపావళి నుంచీ రావడం మానేసేడు.
కబడ్డీ చూస్తున్నాడంట.
గెలుస్తున్నారంట.

హుద్‌హుద్‌కి ఈ గోలుస్తంభం నేలకి వంగిపోతే
సమ్మెట పట్టి నిలబెట్టిన ఆరుగురిలో నేనొకణ్ణి.
ఆ ఎడం స్తంభం ఇప్పటికీ కొంచెం మెలి తిరిగే ఉంటుంది,
చూస్తే తెలీదు, చెయ్యేస్తే తెలుస్తుంది.
అందుకే ఇంత కోపం. లేకపోతే నాకేటి?

శుక్రవారం సాయంత్రం ఒక్కణ్ణే కూర్చుని వలలు విప్పేను.
బెంచీలు ఉప్పుగాలికి తుప్పు రాలుస్తున్నాయి.
ఎవరో పారేసిన ముంత మసాలా కాగితం
సెంటర్ లైను దాటి, అవతలి గోలుదాకా వెళ్ళింది.
ఈ సీజన్లో అంతదూరం వెళ్ళింది అదొక్కటే.

తూర్పు వల పదిహేడు కళ్ళు తెగింది.
పడమర వల పదహారు.
సగం ఆటకి వైపులు మారతారు కదా,
ఎటు మారినా చిరిగేది మనం కాసే వలే.
మనం కొట్టాల్సిన వల మాత్రం ఆ నలభై అయిదు నిమిషాలూ
మడత విప్పని చీర.
పుట్టి బుద్ధెరిగేక, ఈ ఊళ్ళో
ఏ వలలోనూ ఇన్ని పడ్డం చూళ్ళేదు.

ఒక కన్ను ఒగ్గేద్దామా అనిపించింది.
మెలి తిరిగిన స్తంభం పక్కన, మోకాలెత్తున, ఒక్కటే.
బంతి దూరి బయటికొచ్చేస్తే రిఫరీ అనుమానపడతాడు,
గోలు కాదంటాడు,
ఒకటైనా తగ్గుతుంది.
సూది పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.
హార్బరు నోట్లో ఏదో ఓడ కూత పెట్టింది.

సగం ఆటకి వైపులు మారతారు.
ఆ కన్నులోంచే మనవాడు కొట్టిందీ దూరిపోతే?

కొడతాడని కాదు.
కొడితే.

కట్టేసేను. రెండేసి ముళ్ళు,
సొరచేప వలకి వేసేలాంటివి.

ఆదివారం మాత్రం వెళ్ళను.
అప్పలస్వామికి ఫోన్ చేసి మరీ చెప్పేను.
టికెట్టు చొక్కాజేబులో ఉంది, చొక్కా మేకుకుంది.
నాలుగ్గంటలకి ఆట.

బస్సు మూడుంపావుకి.